ఊదారంగు పొర

వకుళ కంట్రోల్ రూములోకి వచ్చేసరికి యోహాను కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాడు. మామూలుగా అయితే కూర్చున్నచోటు నుంచే, వేరుశెనగలు నములుతూ "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటాడు. ఆ రోజు అతని చూపు తెర మీది ఆకుపచ్చ గీతను వదలడం లేదు.

"తగ్గుతోంది మేడమ్."

"ఎప్పటి నుంచి?"

"తెల్లారినప్పటి నుంచి. మొదట మీటరు తప్పేమో అనుకున్నాను. రెండో మీటరు కూడా అదే చూపిస్తోంది."

వకుళ సంచి భుజాన ఉండగానే తెర దగ్గరికి వంగింది. యంత్రంలోంచి వచ్చే కణాల పుంజం బలాన్ని చూపే ఆ గీత కొద్దిగా కిందికి వాలి ఉంది. తెలియనివాళ్ళు చూస్తే తిన్నగా ఉందనే అంటారు.

భీమిలి వెళ్ళే దారిలో, కొండ వెనక ఉన్న ఆ యాక్సిలరేటర్ కేంద్రం మొత్తానికీ మొదలు ఒక చిన్న ఉక్కు గది. పెళ్ళివారి వంటపాత్రంత ఉంటుంది. అందులోకి హైడ్రోజన్ వదిలి విద్యుత్తుతో ప్లాస్మాగా వెలిగిస్తారు. హైడ్రోజన్ పరమాణువుకు ఉన్నది ఒకే ఎలక్ట్రాన్. దానికి ఇంకొకటి తగిలిస్తే రుణావేశం వచ్చి, యంత్రం తోసిన వైపు పరిగెడుతుంది. చివర్లో పల్చటి కార్బన్ రేకు గుండా దూసుకుపోయేటప్పుడు ఆ ఎలక్ట్రాన్లు రెండూ ఊడిపోతాయి. మిగిలిన ప్రోటాన్ పక్కనే ఉన్న ఆసుపత్రి గదిలోకి, రోగి తలలో కణితి మీదికి వెళ్తుంది. ఇంత పనిలోనూ అసలు కష్టం ఆ రెండో ఎలక్ట్రాన్‌ను తగిలించడమే. దాన్ని ఇవ్వాల్సింది ఉక్కు గదిలో అమర్చిన లోహపు ఫలకం; అది తన ఎలక్ట్రాన్లను ఒక పట్టాన వదలదు. సీజియం అనే మెత్తటి లోహపు ఆవిరి పూస్తే కాస్త పట్టు సడలిస్తుంది. ఆ సీజియం చెదిరిపోతూ ఉంటుంది, మళ్ళీ మళ్ళీ పూయాలి. అయినా వచ్చేది అంతంత మాత్రమే.

ఒక వానాకాలంలో ఆ ఉక్కు గది సీలు పగిలి, లోపలికి సముద్రపు గాలి చొరబడింది. ఫలకం పాడైపోయిందనే అందరూ అనుకున్నారు. మళ్ళీ వెలిగించి చూస్తే పుంజం తగ్గకపోగా పెరిగింది. రోజురోజుకీ పెరిగింది. కిటికీలోంచి చూస్తే ఫలకం మీద లేత వంకాయ తొక్కలా నిగనిగలాడుతూ ఒక ఊదారంగు పొర కనబడింది. సీజియం అక్కర్లేకుండానే ఆ పొర ఎలక్ట్రాన్లను గుప్పిళ్ళతో ఇస్తోంది. అలాంటిదే ఇంకొకటి చేద్దామని ఉక్కు గది బాధ్యత చూసే వకుళ, ఆమె కింద పనిచేసే యోహాను చేయని ప్రయత్నం లేదు. అదే గాలి, అదే తేమ, అదే లోహం. ప్రతిసారీ మసిలాంటి నలుపే మిగిలింది.

అంత బలమైన పుంజం ఉంటే రోగికి ఒక్కో సిట్టింగులో ఇవ్వాల్సిన మోతాదు మొత్తం రెప్పపాటులో ఇవ్వవచ్చు. అంత వేగంగా తగిలిన దెబ్బ నుంచి ఆరోగ్యంగా ఉన్న కణాలు తేరుకుంటాయి, కణితి తేరుకోదు. మెదడు అడుగున, ఏ సర్జనూ కత్తి పెట్టడానికి ఇష్టపడని చోట పెరిగిన కణితులకు ఇప్పుడా ఆసుపత్రి గది ఒక్కటే దిక్కు.

ఆ గదిలో వైద్యం చేయించుకుంటున్నవాళ్ళలో వకుళ భర్త పైడిరాజు ఒకడు.

*

పైడిరాజు హార్బరులో టగ్ మాస్టర్. పెద్ద ఓడలను రేవులో అవి నిలిచే బెర్తు దాకా నెట్టుకుపోయే టగ్గును పద్దెనిమిదేళ్ళుగా నడిపినవాడు. కిందటి వేసవిలో ఖనిజం ఎత్తడానికి వచ్చిన ఓడను లోపలికి తెస్తుంటే అతనికి రెండు ఓడలు కనబడ్డాయి. ఏది నిజమైనదో తేల్చుకోలేక చక్రం సహాయకుడికి అప్పగించి ఇంటికొచ్చేశాడు. స్కానులో తెలిసింది, పుర్రె అడుగున, మెదడు కాండాన్ని ఆనుకుని కణితి ఉందని.

ఆ సాయంత్రం వకుళ క్వార్టర్సుకు వచ్చేసరికి అతను బాల్కనీలో అన్నీ రెండుగా కనబడకుండా ఎడమ కంటికి గంత కట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

"ఈరోజు గంత విప్పి చూశాను," అన్నాడు. "ఆ కరెంటు స్తంభం రెండుగా కనబడేది కదా, ఆ రెండూ దగ్గర దగ్గరగా వచ్చీసాయి వకుళా. ఇంకో రెండు మూడు సిట్టింగులైతే ఒకటైపోతాయి."

"మంచిదేగా."

"మంచిదేగా అని అలా ఏడుపుమొహం పెట్టి అంటావేటి?"

"తలనొప్పి."

అతను నమ్మలేదు. అడగనూ లేదు. వకుళ వంటింట్లోకి వెళ్ళి కుక్కరు పెట్టింది, మూత బిగించడం మరిచిపోయింది, ఆవిరంతా పక్కలనుంచి పోతుంటే చూస్తూ నిలబడింది. ఫోను తీసి కంట్రోల్ రూము గీత చూసింది. దాన్ని బోర్లించి పెట్టి, ఇలా కూరగిన్నె అందుకుందో లేదో మళ్ళీ తీసింది.

*

కేంద్రం డైరెక్టర్ భుజంగరావు తలుపు వేసి, ఏసీ తగ్గించి, వకుళకూ యోహానుకూ ఎదురుగా కూర్చున్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. గొంతు పెంచే అలవాటు లేదు.

"పొర చచ్చిపోతోందంటారా?"

"అలాగే కనబడుతోంది సార్. ఈ లెక్కన వైద్యానికి పనికొచ్చే పుంజం కొద్ది రోజులే ఉంటుంది."

"పూర్తిగా పోయాక ఫలకం తీసి పరీక్షిస్తే?"

జవాబు యోహాను చెప్పాడు. "బూడిదను చూసి చెట్టేదో చెప్పమన్నట్టు ఉంటుంది సార్. పొర బతికి ఉండగానే తీయాలి. గాలి తగలకుండా హైదరాబాదు ల్యాబుకు పంపి, సన్నటి ముక్కలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే ఎలా పుట్టిందో తెలుస్తుంది. ఇలాంటివి ఇంకా పది చేసుకోవచ్చు."

"కోస్తే మళ్ళీ పెట్టలేం."

"పెట్టలేం సార్."

భుజంగరావు వకుళ వైపు తిరిగాడు. ఆయన అడగబోయేది ఆమెకు తెలుసు. ముందే అంది, "ఈ నిర్ణయంలో నన్ను ఉంచకండి సార్. నా భర్త ఆ మంచం మీద పడుకుంటున్నాడు."

"నాకూ ఉంచాలని లేదు. కానీ ఆ ఫలకం సంగతి మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? సంతకం నేను పెడతాను. అభిప్రాయం మాత్రం మీరు చెప్పాలి."

వకుళ కొంచెం గడువు అడిగింది. పుంజం బలం తగ్గించి, ఆపకుండా సన్నగా వెలిగిస్తూ ఉంచితే పొర కోలుకుంటుందేమో చూస్తానంది. యోహానుకు అది నచ్చలేదు. అయినా ఆమె పక్కనే నిలబడి వాల్వులు తిప్పాడు. ఉక్కుగది కిటికీలో గులాబీరంగు వెలుగు మందగించి నిలిచింది. మధ్యాహ్నానికల్లా ఆకుపచ్చ గీత వాలడం కాదు, జారడం మొదలుపెట్టింది.

"ఆపేద్దాం మేడమ్," అన్నాడు యోహాను. "మనం దాన్ని ఇంకా తొందరగా చంపుతున్నాం."

ఆమె మీట కిందికి దించింది. ఆ సగం రోజులో ఎవరి సిట్టింగు ఖర్చయిపోయిందో అన్న ఆలోచన ఆమెను ఇక కూర్చోనివ్వలేదు. కారిడారులో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. నీళ్ళ సీసా ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, చేతిలోనే ఉన్నదాని కోసం వెతికింది.

*

పైడిరాజుకు ఆ రోజే చెప్పింది. అతను మంచం మీద కూర్చుని విన్నాడు.

"ఇప్పుడు నన్నేటి చెయ్యమంటావు?"

"మీరేమంటారో అని."

"నన్నడక్కు." అతని గొంతు పెరగలేదు గానీ గట్టిపడింది. "తీసీమన్నాననుకో, నీకు హాయి. మా ఆయనే ఒప్పుకున్నాడు అనుకుంటావు. ఉంచమన్నాననుకో, బతికినన్నాళ్ళూ నాకు సిగ్గు. రెండూ నాకొద్దు. ఆ మిషను నీది. నా తలకాయని నీ చేతిలో పెట్టి నాలుగు నెలలయింది. అది చాల్లేదేటి?"

"మీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?"

"చెప్పుకో. వింటాను. అడగొద్దు."

ఆమె చెప్పుకుంది. ఆసుపత్రిలో పేరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళ గురించీ, వాళ్ళలో ఒకరు రోజూ ఫోను చేసి ఎప్పుడు రమ్మంటారని అడగడం గురించీ చెప్పింది. అతను విన్నాడు. చివర్లో, "నాకు బతకాలనుంది వకుళా. అదొక్కటీ నీకు తెలియాలి," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

*

రోగులకు చెప్పకుండా ఏమీ చేయకూడదని పట్టుబట్టింది డాక్టర్ హైమవతి. వైద్యం నడిపేది ఆవిడే. మర్నాడు ఉదయం వెయిటింగ్ హాల్లో అందరినీ కూర్చోబెట్టింది. వైద్యం సగంలో ఉన్నవాళ్ళు కొద్దిమందే. బొబ్బిలిలో కుట్టుమిషన్ల దుకాణం నడిపే నాగవల్లి ఉంది. కాకినాడ నుంచి వచ్చే రిటైర్డు రైల్వే గార్డు ఉన్నాడు. పైడిరాజు వెనక వరసలో, గంత కట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

హైమవతి ఉన్నదంతా చెప్పి, మీరేమంటారని అడిగింది.

మొదట మాట్లాడింది నాగవల్లి. "నాకు ఒక్క సిట్టింగే మిగిలిందండి. అది ఇచ్చాక తీసుకోండి అని అడగడానికి నోరు రావట్లేదు. అయినా అడుగుతున్నాను. ఇంటి దగ్గర మా అమ్మకి నేను తప్ప ఎవరూ లేరు."

"నీకు ఒక్కటి. మాకు?" అన్నాడు గార్డు. "సగం దారిలో బండి ఆపీసి దిగిపొమ్మంటే ఎలాగండీ? అక్కడ స్టేషనూ లేదు, పాడూ లేదు."

"మీకు వేరేచోట మామూలు రేడియేషన్ ఏర్పాటు చేస్తాం," అంది హైమవతి. "దీనంత బాగా పనిచెయ్యదు. అబద్ధం చెప్పను."

గార్డు ఆవిడను వదిలేసి వకుళను చూశాడు. "మీరేనా అమ్మా ఆ ఫలకం చేసినవారు?"

"నేను చేయలేదండి. అదే అయింది. చూసుకునేది నేను."

"మీ ఆయనకి కూడా ఇక్కడే వైద్యం అన్నారు. ఆయనకి ఎన్ని మిగిలాయి?"

"మీకన్నా ఎక్కువే."

"అయితే మీరే చెప్పండి. మీరేది చెప్తే దానికి నేను ఒప్పుకుంటాను."

వకుళ వెనక వరస వైపు చూడకూడదనుకుంది, చూసింది. పైడిరాజు ఒంటికన్ను ఆమె మీదే ఉంది. అందులో బతిమాలడం లేదు, వద్దనడమూ లేదు.

"నాగవల్లి గారిది పూర్తిచేసి, ఫలకం తీసేద్దాం," అంది.

పైడిరాజు లేచాడు. ఒక్క కంటితో దూరం అందక కుర్చీ అంచు మోకాలికి తగిలింది. సాయం చేయబోయిన వార్డుబాయ్‌ని చేత్తో పక్కకు జరిపి, తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ మాట శాస్త్రం తెలిసి అందో, గార్డు చూపుకు జంకి అందో, భర్తని కాపాడుకుందన్న మాట రాకూడదని అందో వకుళకు తెలియలేదు. తర్వాత ఎన్నిసార్లు తరచి చూసుకున్నా తెలియలేదు.

*

నాగవల్లి సిట్టింగు అయిన మధ్యాహ్నమే ఉక్కుగది చల్లార్చి తెరిచారు. గాలి లేని పెట్టెలోకి, రబ్బరు తొడుగుల్లో చేతులు పెట్టి, యోహాను ఫలకాన్ని జరిపాడు. దాని మీద ఊదారంగు ఇంకా ఉంది. కొన్నిచోట్ల పొలుసుల్లా లేచింది. వకుళ పెట్టె మూత బిగించి, రెండోసారి బిగించి, వ్యాను గేటు దాటేదాకా నిలబడింది.

నరాలకు ప్రమాదమని చెప్పి మరీ ఒప్పుకున్న సర్జను ఒకరు దొరికితే, పైడిరాజుకు చెన్నైలో ఆపరేషన్ చేయించారు. అందినంత కణితి తీశారు. మింగడానికీ మాట్లాడటానికీ పనికొచ్చే నరం ఒకటి దెబ్బతింది. గాలివాన రోజుల్లో కూడా ఒడ్డుకు వినబడేలా అరవగలిగిన మనిషికి గుసగుస మిగిలింది. అన్నం మెత్తగా పిసికి, కొంచెం కొంచెం మింగాల్సి వచ్చింది. హార్బరు వాళ్ళు రేడియో గదిలో ఉద్యోగం ఇస్తామన్నారు. గొంతు లేనివాడికి రేడియో ఎందుకని అతనే వద్దన్నాడు. వకుళతో మాట్లాడటం మానలేదు. ఉప్పు తక్కువైందని చెప్పేవాడు, గ్యాసు అయిపోయిందని చెప్పేవాడు. హాల్లో జరిగినదాని గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని ఆమె కాచుకుని ఉండేది.

వేసవి మొదట్లో హైదరాబాదు నుంచి ఫలితాలు వచ్చాయి. యోహాను వాటిని పట్టుకుని వకుళ గదిలోకి వచ్చి, తలుపు వేసి, కూర్చోకుండా నిలబడ్డాడు.

"దొరికింది మేడమ్. గాలిలోని ఉప్పు, తేమ మాత్రమే కాదు. విశ్రాంతి కూడా కావాలి. ఆ వానల్లో కరెంటు పోతూ వస్తూ ఉండేది కదా, ప్లాస్మా ఆగి ఆగి వెలిగింది. ఆగినప్పుడల్లా పొర పెరిగింది. మనం ఆ తర్వాత చేసినవన్నీ ఆపకుండా నడిపాం. అందుకే మాడిపోయాయి."

"మంచి వార్తేగా. మరి నువ్వలా ఉన్నావేం?"

అతను గోడను చూస్తూ చెప్పాడు. "పైపొర కింద ఇంకో పొర ఉంది. కొత్తది. పాము కుబుసం విడిచినట్టు, పైది రాలిపోతుంటే కింద నుంచి అది వస్తోంది. ఇంకొన్నాళ్ళు ఓపికపట్టి ఉంటే పుంజం దానంతటదే లేచేది."

వకుళ అతని చేతిలోని కాగితాలు తీసుకుంది.

"ఎన్నాళ్ళు?"

"వారం. మహా అయితే పది రోజులు." యోహాను కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "కోసి చూడకపోతే ఇది మనకి తెలిసేదే కాదు మేడమ్. సార్‌కి ఈ రెండో సంగతి చెప్పక్కర్లేదు. ఎవరికి లాభం?"

ఆమె ఇంటికి వెళ్ళింది. పైడిరాజు బాల్కనీలో వలతాడు ముడులు విప్పుతున్నాడు. చేతులకు పని ఉండాలని హార్బరు నుంచి తెప్పించుకున్న తాడు. చెప్పులు విప్పకుండానే అంతా చెప్పేసింది. ముందు పొర ఎలా పుట్టిందో, తర్వాత కింద ఏం దొరికిందో.

అతని చేతులు ఆగాయి.

"అంటే ఉంచీసుంటే సరిపోను."

"సరిపోయేది."

"నీకు అప్పుడు తెలీదు."

"తెలీదు."

అతను తాడు పక్కన పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సాయంత్రం వచ్చి అన్నం పెట్టుకుని తిన్నాడు. కొన్ని వారాలు ఆ ఇంట్లో ఉప్పు మాట, గ్యాసు మాట కూడా వినబడలేదు. వకుళ ఉద్యోగం మానేద్దామనుకుంది. రాజీనామా చేస్తానంటే భుజంగరావు వినిపించుకోలేదు. పొద్దున్నే వెళ్ళి కొత్త ఫలకం పెట్టిన గదిని వెలిగించడం, ఆపడం, వెలిగించడం, ఆపడం. ఆగినప్పుడల్లా ఆమె కాలు నేలమీద తాళం వేస్తూనే ఉండేది. ఆ గదికి విశ్రాంతి ఇవ్వడం నేర్చుకుంది గానీ తనకు మాత్రం అది పట్టుబడలేదు.

వానలు తగ్గాక ఒక ఉదయం కిటికీలో ఊదారంగు కనబడింది. యోహాను ఆమె చేయి పట్టుకున్నాడు. పక్కనున్న ఇంకో ఉక్కుగదిలో రెండో ఫలకం మీదా, దాని తర్వాతి దాని మీదా అదే రంగు తేలుతోంది. ఆకుపచ్చ గీత పాత ఎత్తుని దాటి, నిలకడగా నిలిచింది. కాకినాడ గార్డుకు హైమవతి తనే ఫోను చేసింది. ఆయన కొడుకు ఎత్తి, నాన్నగారు పోయి నెల అయిందండి అన్నాడు.

వకుళ మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది. పైడిరాజు గంజి తాగుతున్నాడు. గ్లాసు దించి ఆమె మొహం చూశాడు.

"వెలిగిందా?"

"వెలిగింది. పాతదానికంటే బాగా ఉంది." ఆమె గార్డు సంగతి చెప్పింది. అతను తల పంకించాడు.

"హైమవతమ్మగారు ఏటంటున్నారు నా గురించి?"

"మిగిలిన కణితి మళ్ళీ కదులుతోందట. ఇప్పుడు మొదలుపెడితే పెరగడం ఆగుతుందన్నారు. గొంతు మాత్రం తిరిగి రాదు."

"అది నాకు తెలుసు." ఒక గుక్క తాగి, జాగ్రత్తగా మింగి, ఊపిరి తీసుకున్నాడు. "నాకు కోపం పోలేదు వకుళా. పోయిందేమో అని పొద్దస్తమానం నా మొహంలోకి చూడకు. పోయినప్పుడు నేనే చెప్తాను. పోకపోతే పోదు."

"చూడను."

"ఫోన్ చేసి బేగి రమ్మంటారేమో కనుక్కో. వస్తానని చెప్పు."

ఆమె ఫోను అందుకుంది. నెంబరు నొక్కబోయి ఆగింది. "మీ సిట్టింగు రోజు మిషను దగ్గర యోహానుని ఉండమంటాను. మీకు ఇష్టం లేకపోతే నేను అసలు ఆ వైపుకే రాను."

కింద రోడ్డు మీద కొబ్బరిబోండాల బండి ఆగి, బేరాలు మొదలయ్యాయి. అతను గ్లాసు అడుగున మిగిలిన గంజి పూర్తిగా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"వద్దు," అన్నాడు గుసగుసగా. "నువ్వే నడుపు."

వకుళ నెంబరు నొక్కింది. ఒక అంకె తప్పు పడి, మళ్ళీ మొదటి నుంచి నొక్కింది.